రాబర్టు ఓవెనును, న్యూ హార్మొనీ సమాజమును

సంస్కరణ కార్యమునకు పూనుకొనిన ప్రతివానికిని ఏదో యొకనాడు ఎదురగు ప్రశ్న యొకటి గలదు. మనుష్యుడు చెడుటకు కారణము వాడేనా, లేక వాడు పుట్టి పెరిగిన పరిస్థితులా? త్రాగుబోతును దండింపవలయునా, వాని వీధిలోని సారాదుకాణమును మూయింపవలయునా? చదువురాని బాలుని నిందింపవలయునా, బడి లేని గ్రామమును నిందింపవలయునా? మనస్సే కారణమని నమ్మినవాడు ఉపదేశమునకు బయలుదేరును. పరిస్థితులే కారణమని నమ్మినవాడు పరిస్థితులను మార్చుటకు బయలుదేరును.

ఈ రెండవ మార్గమునే సంపూర్ణముగ విశ్వసించి, ఆ విశ్వాసమునకై తాను గడించిన ధనములో నించుమించు ఐదింట నాలుగు పాళ్లు వెచ్చించి, సముద్రమున కావల నొక గ్రామమునే కొని పరీక్షించి చూచిన మహానుభావు డొకడు గలడు. అతడే రాబర్టు ఓవెను. ఆ గ్రామము పేరు న్యూ హార్మొనీ, అనగా నూతన సామరస్యము. ఆ పరీక్ష రెండేండ్లకంటె నెక్కువ కాలము సాగలేదు. అయినను ఆ చరిత్రము మనకు రెండు కారణములచేత పఠనీయమై యున్నది. విఫలమైన సత్కార్యము సఫలమైన దానికంటె నెక్కువ పాఠములు చెప్పు ననుట మొదటి కారణము. రాజా రామమోహనరాయలవారు ఇంగ్లండున నున్నకాలమున ఈ ఓవెనుతో ముఖాముఖిగ వాదించి, ఆయన సిద్ధాంతములోని మంచిని గ్రహించి, లోపమును జూపిరనుట రెండవ కారణము.

1. బాల్యము, వృత్తి

ఓవెను 1771వ సంవత్సరము మే నెల 14వ తేదీన వేల్సు దేశములోని న్యూటౌను అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టి, ఇనుప సామానులు అమ్మి జీవించువాడు. బాలుడు పదవయేట ఇల్లు విడిచి, స్టాంఫర్డు పట్టణమున నొక బట్టల వర్తకునియొద్ద పని నేర్చుకొన చేరెను. అంతటితో అతని పాఠశాల చదువు ముగిసెను. పిమ్మట చదివినదంతయు యజమానుని యింటి పుస్తకములనుండియు, లోకమునుండియు చదివినదే.

ఆ దినములలో మాంచెస్టరు నగరము నూలు యంత్రములతో మారుమ్రోగుచుండెను. ఓవెను అచ్చటికి పోయి, ఇంచుమించు ఇరువదియొక్క సంవత్సరముల వయస్సుననే అయిదువందలమంది పనివారు గల యొక నూలుమిల్లునకు అధికారి యయ్యెను. యంత్రములను ఎంత శ్రద్ధతో తుడిచి నూనె వేయుదురో, వానియొద్ద నిలుచు మనుష్యులను అంత శ్రద్ధతో చూచువారు లేరని అతడు అచ్చటనే గమనించెను. అతని జీవితమునకంతకును బీజమైన భావ మిదియే.

2. న్యూ లానార్కు

స్కాట్లండులో క్లైడు నది జలపాతములయొద్ద న్యూ లానార్కు అను మిల్లు గ్రామ మొకటి యుండెను. దానిని స్థాపించిన డేవిడ్ డేలు అను వర్తకునివలన 1799వ సంవత్సరమున ఓవెనును అతని భాగస్థులును అరువదివేల పౌనులకు కొనిరి. ఆ యేటనే ఓవెను డేలుగారి కుమార్తెయగు కరొలైనును వివాహమాడెను. 1800వ సంవత్సరారంభమున గ్రామాధికారము వహించెను.

అచ్చట నున్న జనులు ఇంచుమించు రెండువేలు. వారిలో అయిదువందలమంది ఎడింబరో, గ్లాస్గో పట్టణముల అనాథశాలలనుండి తేబడిన బాలబాలికలు. అయిదారేండ్ల పసివాండ్రు సయితము ఉదయము ఆరు గంటలనుండి సాయంకాలము ఏడు గంటలవఱకు మిల్లులో నిలువవలసి యుండెను. తక్కిన పనివారిలో త్రాగుడు, దొంగతనము, తగవులు సర్వసాధారణములు. వీరిని చూచి లోకము వీరు పుట్టుకచేతనే నీచులని నిశ్చయించి యుండెను. ఓవెను ఆ నిశ్చయమును అంగీకరింపలేదు.

అతడు చేసిన మార్పులు వినుటకు చిన్నవి. అనాథశాలలనుండి పిల్లలను తెచ్చుట మానెను. పదియేండ్లు నిండని బాలుని మిల్లులోనికి రానీయలేదు. పనిగంటలను తగ్గించెను. గ్రామములోని దుకాణదారులు కల్తీసరకు హెచ్చువెలకు అమ్ముచుండగా, మిల్లు తరఫున నొక అంగడి తెరచి, మంచిసరకును కొన్నవెలకు కొంచెము మాత్రమే హెచ్చించి అమ్మించెను. ఆ లాభమును బడికి వినియోగించెను. దండనములకు బదులుగా ప్రతి పనివాని యెదుట నాలుగు ముఖములు గల చిన్న కొయ్యముక్కను వ్రేలాడదీయించెను. నలుపు చెడ్డ నడవడికిని, నీలము మధ్యమమునకును, పసుపు మంచికిని, తెలుపు శ్రేష్ఠమునకును గుర్తులు. నిన్నటి నడవడికి తగిన రంగు నేడు ముందునకు త్రిప్పబడియుండును. తిట్టు లేదు, దెబ్బ లేదు. ఆ దారిని నడచిపోవు యజమానుడు ఆ రంగును, ఆ మనుష్యుని చూచి, మాటాడక సాగిపోవును. మొదట నలుపు రంగులే ఎక్కువగా నుండి, క్రమముగ పసుపును తెలుపును హెచ్చెనని అతడు వ్రాసికొనెను.

అయినను పనివారు మొదట అతనిని నమ్మలేదు. ఇన్ని మార్పులును తమవలన మఱింత పని లాగుటకు పన్నిన యుక్తులని వారు తలంచిరి. అట్టి సమయమున అమెరికా ప్రభుత్వము ప్రత్తి ఎగుమతిని నిలిపివేయుటచే మిల్లు నాలుగు నెలలు మూతపడెను. తక్కిన యజమానులు పనివారిని వెడలగొట్టిరి. ఓవెను ఒక్కనినైన తొలగింపక, యంత్రములను శుభ్రముగ నుంచుట యను పనిమాత్ర మొసగి, నాలుగు నెలల జీతములును పూర్తిగ చెల్లించెను. ఏడువేల పౌనులకు పైగా వ్యయమయ్యెను. నాటినుండి పనివారు అతని మాట నమ్మిరి. ఎన్ని ఉపన్యాసములిచ్చినను కలుగని విశ్వాసము, నష్టమును తాను భరించుటచేత కలిగెను.

లాభము తగ్గునని గొణుగు భాగస్థులతో అతనికి పలుమార్లు కలహములు వచ్చెను. 1813వ సంవత్సరమున మిల్లు వేలమునకు రాగా, తత్త్వవేత్తయగు జెరెమీ బెంథామును, క్వేకరు మతస్థుడగు విలియం ఆలెనును మొదలగు క్రొత్త భాగస్థులతో గూడి దానిని మరల కొనెను. మూలధనముపై నూటికి అయిదు చొప్పున మాత్రమే లాభము పుచ్చుకొని, మిగిలినది పనివారి మేలునకు వినియోగింపవలెనని వారు ఒడంబడిక చేసికొనిరి. 1816వ సంవత్సరము జనవరి 1వ తేదీన శీలనిర్మాణ మందిరమను విద్యాలయము తెరవబడెను. నడక నేర్చిన పసిపాపలు మొదలు రాత్రివేళ చదువుకొను పెద్దలవఱకు అందరికిని అందు స్థానము గలదు. పిల్లలను కొట్టరాదు, తిట్టరాదు; పసివాండ్రను పుస్తకములతో వేధింపరాదు. ఆటయు, పాటయు, నృత్యమును, పటములును, చుట్టునున్న ప్రకృతి వస్తువులును వారికి పాఠములు. బ్రిటను దేశమున వెలసిన మొదటి శిశుపాఠశాలలలో నిది యొకటి. తరువాత రష్యా చక్రవర్తియైన నికొలాసును మొదలుకొని వేలకొలది జనులు ఈ గ్రామమును చూడవచ్చిరి. మిల్లులలో బాలుర పనిని అరికట్టుటకై ఓవెను పార్లమెంటు సభ్యులను ఆశ్రయించి పాటుపడెను. 1819వ సంవత్సరపు చట్టము తొమ్మిదేండ్లలోపు పిల్లలను నూలుమిల్లులలో పెట్టరాదని శాసించెను. అతడు కోరినది అంతకంటె నెంతయో ఎక్కువ.

ఇచ్చట చదువరులు ఒక్క విషయము గుర్తింపవలెను. న్యూ లానార్కున ప్రజల యభిప్రాయ మెన్నడును అడుగబడలేదు. మేలు చేసినవాడు ఓవెను, పొందినవారు జనులు. తమ బ్రదుకు తన దయమీద ఆధారపడియున్న దాసులే వారని ఓవెనే పిమ్మట నొప్పుకొనెను. ఈ యొప్పుకోలు అతని సత్యసంధతకు నిదర్శనము. తరువాతి కథకు తాళపుచెవి.

3. సిద్ధాంతము

తన యనుభవమునుండి ఓవెను ఒక సిద్ధాంతమును నిర్మించి, 1813 మొదలు 1816 వఱకు సమాజమును గూర్చిన నూతన దృష్టి యను పేర వ్యాసములుగ ప్రకటించెను. మనుష్యుని శీలము వానికొఱకు ఇతరులచే నిర్మింపబడునదే కాని వానిచే నిర్మింపబడునది కాదని దాని సారాంశము. కావున నేరస్థుని నిందించుట అవివేకము. పుణ్యాత్ముని పొగడుటయు నట్టిదే. పరిస్థితులను సవరించిన చాలును, మనుష్యులు తమంతట తామే సత్పురుషు లగుదురు.

దేశములోని నిరుద్యోగులకు అతడు చూపిన మార్గము గ్రామస్థాపనము. ఇంచుమించు పండ్రెండువందలమంది యొక గ్రామముగ, చదరపు ఆకారమున కట్టిన యిండ్లలో నివసించి, నడుమ ఉమ్మడి వంటశాల, పాఠశాల, గ్రంథాలయము నిలుపుకొని, చుట్టునున్న పొలమును ఉమ్మడిగ సాగుచేసి, ఫలమును ఉమ్మడిగ అనుభవింపవలయును. ఆరంభమున రాజకుటుంబీకులును, పత్రికలును ఈ పద్ధతిని మెచ్చుకొనిరి. కాని 1817వ సంవత్సరమున లండను సభలో ఓవెను లోకమునందలి మతములన్నియు దోషభూయిష్ఠములనియు, మానవుల ఐకమత్యమునకు అవియే విఘ్నములనియు బహిరంగముగ పలికెను. నాటినుండి పలువురు గొప్పవారు అతనికి దూరమైరి. పాతదేశమున తన పద్ధతి నెగ్గదని తోచి, అతడు క్రొత్త దేశమువైపు చూపు మరల్చెను.

4. న్యూ హార్మొనీ

అమెరికాలో ఇండియానా రాష్ట్రమున వాబాష్ నది యొడ్డున జర్మను దేశస్థులగు భక్తుల సంఘమొకటి 1814వ సంవత్సరమున నొక గ్రామమును స్థాపించి యుండెను. వారి గురువు జార్జి రాప్పు. క్రీస్తు త్వరలో అవతరించునని నమ్మి, బ్రహ్మచర్యము నవలంబించి, ఆస్తినంతయు ఉమ్మడిగ నుంచుకొని, వారు పదేండ్లలో అడవిని కొట్టి పంటపొలములును, తోటలును, మిల్లులును, ఇటుక యిండ్లును నిర్మించిరి. పిమ్మట వారు పెన్సిల్వేనియాకు మరలిపోదలచి గ్రామమును అమ్మజూపిరి. 1825వ సంవత్సరము జనవరి నెలలో ఓవెను ఇంచుమించు ఇరువదివేల యకరముల భూమిని, నూట యెనుబది కట్టడములను లక్షకు పైబడిన డాలర్లిచ్చి కొనెను. కట్టిన యూరు, పండు పొలము, నడచు మిల్లు లభించెను. కొఱతయైనది క్రొత్త మనుష్యులు మాత్రమే.

ఆ సంవత్సరము ఫిబ్రవరి, మార్చి నెలలలో ఓవెను వాషింగ్టనున ప్రజాప్రతినిధుల సభామందిరమున రెండు ఉపన్యాసములిచ్చెను. అధ్యక్షుడు మొదలగు పెద్దలు వినవచ్చిరి. మంచి మనస్సును, పనిచేయు నిష్టమును గల వారందఱును తన గ్రామమునకు రావచ్చునని అతడు ఆహ్వానించెను. జనులు వచ్చిరి. వారిలో నిజమైన ఆదర్శవాదులుండిరి, నేర్పరులైన పనివారుండిరి, సోమరులును, ఉచితభోజనమునకై వచ్చినవారును, ఏ సంఘమునందును ఇముడని తగవులమారులును ఉండిరి. వచ్చినవానిని పరీక్షించి చేర్చుకొను పద్ధతి లేదు. కొలదినెలలలోనే ఎనిమిదివందలమంది చేరిరి. ఉండుటకు ఇండ్లు చాలలేదు. మిల్లులును కార్ఖానాలును సిద్ధముగ నున్నను, వానిని నడుప నేర్చిన హస్తములు చాలలేదు.

1825వ సంవత్సరము మే నెలలో ప్రాథమిక సంఘమునకు నిబంధనావళి యేర్పడెను. పరిశీలించి చదువుకొలది అందు రెండు విషయములు చిత్తమును కలచివేయును. ఆస్తి ఓవెనుగారిదిగనే యుండెను. పరిపాలక సంఘమును నియమించు నధికారము మొదట ఆయనదే. ఇది తాత్కాలికమని చెప్పబడెను. రెండవది మఱింత బాధాకరము. అన్ని విధముల జనులును చేరవచ్చునని చెప్పిన ఆ వాక్యమే నల్లవారిని మినహాయించెను. సమానత్వము స్థాపింపబోవు గ్రామము తన ద్వారమునందే వర్ణభేదమను కావలివానిని నిలిపెను. మనము వారిని చూచి నవ్వుటకు తగినవారము కాము. సర్వమానవ సోదరత్వమును గూర్చి సభలో ప్రసంగించి, ఇంటికి పోయి పంక్తి భేదము పాటించు వారిని మన దేశమున వెదకనక్కఱలేదు.

సంఘము పుట్టిన కొలదివారములకే ఓవెను ఇంగ్లండునకు మరలిపోయెను. ఇరువదిమూడేండ్లయినను నిండని కుమారుడు విలియము తక్కినవారితో గూడి భారము మోయవలసివచ్చెను. స్థాపకుడు ఏడు నెలలు దూరముననుండి, 1826వ సంవత్సరము జనవరి నెలలో తిరిగివచ్చెను. ఆ నెలలోనే పిట్స్‌బర్గునుండి ఒహాయో నదిమీదుగ నొక పడవలో పండితుల బృంద మొకటి వచ్చిచేరెను. భూగర్భశాస్త్రజ్ఞుడును ధనవంతుడును అగు విలియం మక్లూరు, జంతుశాస్త్రజ్ఞుడు థామస్ సే, చిత్రకారుడు లెస్యూరు, పెస్టలోజీ పద్ధతిని బోధించు మరీ ఫ్రెటజో మొదలగువారు అందుండిరి. అంతటి విద్వాంసులు అడవి నడుమనున్న యంత చిన్న గ్రామమున నొక్కచో చేరుట అరుదు.

ఈ యుత్సాహమున 1826వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన సమానత్వ సమాజ నిబంధనావళి యంగీకరింపబడెను. పెద్దలందఱకును సమానమైన హక్కులు, సమానమైన అన్నవస్త్రములు, సమానమైన విద్య. వాక్యములు సుందరములు. రెండు వారములు గడచెనో లేదో, పరిపాలనము సాగక, ఆ సమానులే ఓవెనును పిలిచి ఒక సంవత్సరము తమ్ము పాలింపుమని వేడుకొనిరి. పిమ్మట చీలికలు ప్రారంభమయ్యెను. కొందఱు మక్లూరుగారి పేర మక్లూరియా యను సంఘముగ విడిపోయిరి. మఱికొందఱు వేఱొక సంఘముగ నేర్పడిరి. వ్యవసాయదారులు తమ చెమటను పండితులు భుజించుచున్నారనిరి. పండితులు తమ పనియు పనియే యనిరి. స్త్రీలు ఉమ్మడి వంటశాలలోను ఉమ్మడి పనులలోను పాటుపడి, ఇంటికి వచ్చి ఇంటిపని మరల చేయవలసివచ్చెను. సమానత్వము వారికి రెండింతల చాకిరిగా పరిణమించెను.

1826వ సంవత్సరము జూలై 4వ తేదీన, అమెరికా స్వాతంత్ర్యమునకు ఏబది యేండ్లు నిండిన దినమున, ఓవెను మానసిక స్వాతంత్ర్య ప్రకటనము చదివెను. స్వంత ఆస్తి, అయుక్తమగు మతము, వానిపై నాధారపడిన వివాహపద్ధతి యను మూడును మానవజాతిని బంధించిన త్రివిధ పిశాచములని అతడు ప్రకటించెను. అప్పటికి గ్రామములోని పొలముల సాగు సరిగా లేదు; ఆహారము బయటనుండి కొనవలసివచ్చుచుండెను; ఆ వెల ఓవెను సంచినుండి పోవుచుండెను. ఆస్తిని ఖండించు ఉపన్యాసము ఒక్కని యాస్తిమీద నడచుచుండెను!

1827వ సంవత్సరమున ఓవెనునకును మక్లూరునకును లెక్కల విషయమున వివాదము పుట్టి, న్యాయస్థానము వఱకు పోయి, మధ్యవర్తుల మూలమున తీరెను. ఆ సంవత్సరము జూన్ నెలలో ఓవెను వీడ్కోలు చెప్పి వెడలిపోయెను. ఉమ్మడి పొలములు ముక్కలై కౌలుకును అమ్మకమునకును పోయెను. సామరస్యమను పేరు మాత్రము మిగిలెను.

5. వైఫల్యమునకు కారణములు

న్యాయవాద వృత్తియందుండువానికి ఇట్టి చరిత్రలు చదువునప్పుడు, దస్తావేజులలో నేమున్నదని తొలుత చూచుట యలవాటు. ఆ దృష్టితో చూడగా నాకు నాలుగు కారణములు గోచరించుచున్నవి.

మొదటిది, ద్వారమునకు తలుపు లేకుండుట. ఇతర విషయముల నెంత భేదించినను ఒక్క విషయమున నైకమత్యము లేనివారు ఉమ్మడి కాపురము చేయజాలరు. రాప్పు సంఘమునకు భక్తి యను సూత్రముండెను. ఓవెను సంఘమునకు ఓవెను మాత్రమే సూత్రము. ఆయన లేనప్పుడు పూసలు చెదరిపోయెను.

రెండవది, స్వత్వము సందిగ్ధమైయుండుట. ఉమ్మడి యని నోటితో చెప్పి, దస్తావేజున నొక్కని పేర నుంచినచో, పనివాడు దానిని తనదిగ ప్రేమింపడు. దాత దానిని వదలుకొనడు. తనదికాని పొలమున కలుపు తీయువాడు సూర్యుని చూచి తీయునేకాని పైరును చూచి తీయడు.

మూడవది, పనికిని ఫలమునకును సంబంధము తెగుట. కష్టపడినవానికిని పడనివానికిని ఒకే పాలు లభించినచో, సోమరి మారుటకు బదులు శ్రామికుడు మారును. ఈ గ్రామమున నివసించి విసిగిపోయిన జోసయా వారెను అను నతడు, పిమ్మట ఉమ్మడితనమునే త్యజించి, ప్రతి వ్యక్తియు తన శ్రమకును తన నిర్ణయమునకును తానే అధిపతి కావలెనని బోధించుటలో జీవితము గడపెను.

నాలుగవదియే మూలకారణమని నా తలంపు. నీ శీలమునకు నీవు బాధ్యుడవు కావని ప్రతిదినము బోధించి, ఆ మనుష్యునినుండియే ఉదయమున లేచి పొలమునకు పోవు బాధ్యతను కోరుట యెట్లు? న్యూ లానార్కున ఈ లోపము బయటపడలేదు. ఏలయన అచ్చట యజమానుని కన్ను బాధ్యతకు బదులుగ పనిచేసెను. న్యూ హార్మొనీలో ఆ కన్ను తొలగింపబడెను. దాని స్థానమున నిలువవలసిన అంతరాత్మకు సిద్ధాంతమున చోటు లేకపోయెను.

ఇందువలన మతమున్న చాలుననియు, పరిస్థితులు లెక్కలోనికి రావనియు ననరాదు. రాప్పు భక్తులు ఐశ్వర్యము గడించిరి గాని, ఒక్క గురువునకు బుద్ధిని అర్పించిరి. బ్రహ్మచర్యముచే సంతానములేక క్రమముగ క్షీణించి, ఆ సంఘము 1905వ సంవత్సరమున అంతరించెను. స్వాతంత్ర్యము లేని భక్తియు నిలువలేదు. బాధ్యత లేని స్వాతంత్ర్యమును నిలువలేదు.

6. రామమోహనరాయలవారును ఓవెనును

రాయలవారు 1831వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఇంగ్లండు చేరిరి. అప్పటికి ఓవెను అమెరికానుండి తిరిగివచ్చి, కార్మిక సంఘములకును సహకార సంఘములకును నాయకుడై యుండెను. లండనున డాక్టరు ఆర్నాటు గారి యింట విందు సమయమున వీరిరువురకును వాదము జరిగెను. రాజాగారిని తన మార్గమునకు త్రిప్పుకొనవలెనని ఓవెను మిక్కిలి ప్రయత్నించెననియు, రాజాగారు సమాధానములు చెప్పుచు శాంతమును విడువకుండిరనియు, తుదకు సహనము కోల్పోయినవాడు ఓవెనేయనియు అచ్చట నున్నవారు చెప్పిరి. పరిస్థితులే సర్వమని బోధించువాడు కోపగించెను. ఆత్మసంయమమును నమ్మినవారు శాంతముగ నుండిరి.

అయినను వారి మైత్రి చెడలేదు. 1833వ సంవత్సరమున రాయలవారు ఓవెను కుమారుడగు రాబర్టు డేల్ ఓవెనునకు వ్రాసిన జాబులో, ప్రజల సాంఘిక, గార్హస్థ్య, రాజకీయ క్షేమమును వృద్ధిచేయుటకు మతమును ఎదిరింప నవసరములేదనియు, అందును సర్వజన ప్రేమను దయను బోధించు మతమును ఎదిరించుట యసలే యక్కఱలేదనియు తెలిపిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 27వ తేదీన వారు బ్రిస్టలున పరమపదించిరి. ఓవెను ఉద్దేశమును రాయలవారు ద్వేషింపలేదని గమనింపుడు. పేదల దుఃఖము తీర్చవలయు ననుటలో వారిరువురును ఒక్కటియే. ఇంటిని శుభ్రపఱచుటకు దీపము నార్ప నక్కఱలేదని మాత్రము రాయలవారి యభిప్రాయము.

న్యాయవాదిగ నాకు మఱియొక పోలిక తోచుచున్నది. 1825వ సంవత్సరపు న్యూ హార్మొనీ నిబంధనావళిని, 1830వ సంవత్సరమున రాయలవారును వారి మిత్రులును బ్రహ్మసమాజ మందిరమునకై వ్రాసియిచ్చిన ట్రస్టు దస్తావేజును ప్రక్కప్రక్కల నుంచి చూడుడు. మొదటిది కొందఱిని మినహాయించెను. రెండవది మర్యాదగ వర్తించు అన్ని తరగతుల జనులకును భేదములేక తలుపు తెరచెను. మొదటిది ఆస్తిని స్థాపకునియొద్దనే యుంచెను. రెండవది ధర్మకర్తల కప్పగించెను. మొదటిదాని స్థాపకుడు పరమతములను పిశాచములనెను; రెండవది పరులు పూజించు వస్తువును నిందించి మాటాడరాదని నిబంధన చేసెను. రాయలవారును ఆ యేడాదియే దేశము విడిచి, మరల రాలేదు. సమాజము క్షీణించి, కొలదిమందితో, రామచంద్ర విద్యావాగీశులవారి పట్టుదలచే మిణుకుమిణుకుమనుచుండెను. కాని ఆరలేదు. 1843వ సంవత్సరమున దేవేంద్రనాథఠాకూరుగారు దీక్ష వహించునాటికి దీపమింకను ఉండెను. గొప్ప చెప్పుకొనుటకు ఈ మాట వ్రాయలేదు. స్థాపకుడు వెడలిన పిమ్మటనే సంస్థకు నిజమైన పరీక్ష యని చెప్పుటకు వ్రాసితిని.

7. మిగిలినదేమి?

న్యూ హార్మొనీ సమాజము నశించెను; ఆ విత్తనములు నశింపలేదు. ఓవెను కుమారులు ఆ గ్రామముననే నిలిచిరి. రాబర్టు డేలు అమెరికా ప్రతినిధి సభలో సభ్యుడై, స్మిత్సోనియను విద్యాసంస్థను నెలకొల్పిన 1846వ సంవత్సరపు చట్టమునకు పాటుపడెను. ఇండియానాలో వివాహితలగు స్త్రీలకు ఆస్తిహక్కు కావలెనని పోరాడెను. 1862వ సంవత్సరమున బానిసలను విముక్తులను చేయుమని లింకను అధ్యక్షునకు జాబు వ్రాసెను. తండ్రి నిబంధనావళి నల్లవారికి మూసిన ద్వారమును కొడుకు తెరువ ప్రయత్నించెనన్నమాట. డేవిడ్ డేలు భూగర్భశాస్త్రమున ప్రఖ్యాతుడయ్యెను. రిచర్డు పర్‌డ్యూ విశ్వవిద్యాలయమునకు మొదటి అధ్యక్షుడయ్యెను. మక్లూరు 1838వ సంవత్సరమున శ్రామికులకై స్థాపించిన విద్యాసంస్థ, గ్రంథాలయముగ నేటికిని ఆ గ్రామమున నడచుచున్నది.

ఓవెను తరువాత 1832వ సంవత్సరమున లండనున శ్రమను నాణెముగ చేసి వస్తువులు మార్చుకొను అంగడిని స్థాపించెను. అదియు రెండేండ్లకు మూతపడెను. హాంప్‌షైరున 1839వ సంవత్సరమున నారంభమైన మఱియొక గ్రామము 1845వ సంవత్సరమున ముగిసెను. కాని 1844వ సంవత్సరమున రాచ్‌డేలు పట్టణమున ఇరువదియెనిమిదిమంది సామాన్యులు, వారిలో పలువురు ఓవెను శిష్యులు, తలకొక పౌను చేర్చి, చిన్న అంగడి పెట్టిరి. వారికి దాత లేడు. సరకు కల్తీ లేనిది, తూకము సరియైనది, సభ్యునకొక యోటు, కొన్నదానికి తగినట్లు లాభము పంపకము. లోకమంతట వ్యాపించిన వినియోగదారుల సహకారోద్యమమునకు మార్గము చూపినది ఆ యంగడియే. సహకార పరపతి సంఘముల చట్టము 1904వ సంవత్సరమున మన దేశమునకు వచ్చినప్పుడు, మన జిల్లాల రైతు తన పేర వాటా వ్రాయించుకొనిన పద్ధతికి పూర్వులు వీరే. ప్రభువు గ్రామమును దానమిచ్చిన చోట నిలువనిది, సామాన్యులు తమ పౌనులను తాము లెక్కపెట్టుకొనిన చోట నిలిచెను.

ఓవెను 1858వ సంవత్సరము నవంబరు 17వ తేదీన, తాను పుట్టిన న్యూటౌనుననే కన్నుమూసెను. అతడు తీర్చిదిద్దిన న్యూ లానార్కు 2001వ సంవత్సరమున ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపబడెను. న్యూ హార్మొనీలో 1960వ సంవత్సరమున, ఓవెను వంశమున మెట్టిన యొక సాధ్వి పూనికచే, పైకప్పులేని ప్రార్థనామందిర మొకటి నిర్మింపబడెను. అన్ని మతములవారికిని చాలునంత విశాలమైన కప్పు ఆకాశ మొక్కటియే యని దాని భావము. మతమునంతయు నిరాకరించినవాని గ్రామముననే అట్టి మందిరము వెలయుట, రాయలవారి జాబునకు నూటయిరువదియేడేండ్ల తరువాత వచ్చిన సమాధానమువలె నాకు కనబడుచున్నది.

8. మన కర్తవ్యము

చదువరులారా! ఓవెను పొరపాటును చెప్పుట సులభము. అతడు చేసిన త్యాగములో పదవపాలైనను చేసి పొరపాటుపడువారు మనలో నెందఱు? పరిస్థితులు మనుష్యుని తీర్చునన్న అతని మాట సగము సత్యము. ఆ సగమునైనను మనము పాటింపక, ఆకలిగొన్నవానికి నీతులు చెప్పి పంపుచున్నాము. ఆకలిగొన్నవానికి తొలుత అన్నము, బాలునకు బడి, స్త్రీకి ఆస్తిహక్కు. ఇవి లేక ఉపదేశము వట్టి శబ్దము. రెండవ సగము, మనుష్యునిలో మేల్కొలుపవలసిన అంతరాత్మ యొకటి గలదనుట. అది లేక అన్నమును బడియు ఒకరి దయగా మిగిలిపోవును.

కావున ఏ యనాథశాలనుగాని, విద్యార్థి వసతిగృహమునుగాని, సంఘమునుగాని స్థాపింపబూనువారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఎవరి పేర నున్నది? ఎవరికి దీని తలుపు మూయబడియున్నది? రేపు నేను లేనియెడల దీనిని తమదని చెప్పి నిలబెట్టువారు ఎవరైన గలరా? దాతలుగ నుండుట మనకు ప్రియము. సమానులుగ నుండుట కష్టము. ఆ కష్టమును సహించినచోటనే సామరస్యము పేరుగా గాక వస్తువుగా నిలుచును.